అంబాసిడర్ కరెంటు పని డైరీ: డైనమో ఉంచాలా, ఆల్టర్నేటర్ వేయాలా?

బండి 1964 అంబాసిడర్ మార్క్ 2. 1489 సీసీ ఇంజను, 12 వోల్టుల సిస్టమ్, పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలుస్తుంది, నెగటివ్ వైర్లలోకి వెళ్తుంది. డైనమో (ఇంజను బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) లూకాస్ కంపెనీ సీ40. ఛార్జింగ్‌ని అదుపు చేసే కటౌట్ డబ్బా ఆర్‌బీ106/2. అందులో రెండు భాగాలు: డైనమోని బ్యాటరీకి కలిపి విడదీసే కటౌట్, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే రెగ్యులేటర్. బండి మొత్తానికి ఫ్యూజులు రెండంటే రెండే.

జబ్బు ఇది. రాత్రిపూట హెడ్‌లైట్లు లాంతరు వెలుగులా పచ్చగా ఉంటాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడితే అమ్మీటరు (బ్యాటరీలోకి కరెంటు వస్తే ప్లస్, పోతే మైనస్ చూపే మీటరు) ముల్లు మైనస్ వైపుకి వాలిపోతుంది. మర్నాడు పొద్దున సెల్ఫ్ తిరగదు. ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "డైనమో తీసి పక్కన పడేయండి సార్, మారుతి ఆల్టర్నేటర్ వేసేద్దాం, గోల ఉండదు."

ఆల్టర్నేటర్ అంటే డైనమో పనే చేసే కొత్త రకం యంత్రం. ఆ సలహా సగం నిజం. ఏ సగమో కొలతలు తీశాకే తేలింది. ఆ కొలతలు, ఖర్చులు, పాడైన సామాన్లు ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను.

దశ 1: బండి ఎంత కరెంటు తాగుతుంది

వర్షం పడే రాత్రి అనుకుని లెక్క వేశాను:

1. హెడ్‌లైట్లు, 45 వాట్లవి రెండు: 7.5 ఆంప్స్
2. పార్కింగ్, వెనక లైట్లు, నంబరు ప్లేటు, 6 వాట్లవి ఐదు: 2.5 ఆంప్స్. మొత్తం 10
3. ఇగ్నిషన్ కాయిల్: 3 ఆంప్స్. మొత్తం 13
4. వైపర్: 3 ఆంప్స్. మొత్తం 16
5. బ్రేకు మీద కాలు ఉంటే 21 వాట్లవి రెండు: 3.5 ఆంప్స్. మొత్తం 19.5

సీ40 డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంప్స్. కాగితం మీద చూస్తే సరిపోతుంది. చిక్కంతా ఆ 22 ఎప్పుడు వస్తుందన్న దగ్గరే. డైనమో కరెంటు దాని వేగాన్ని బట్టి పుడుతుంది. ఇంజను ఐడ్లింగ్‌లో ఉంటే (బండి ఆగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే) డైనమో వోల్టేజీ బ్యాటరీని దాటదు, కటౌట్ తెరుచుకునే ఉంటుంది, లోడంతా బ్యాటరీ మీద పడుతుంది. 1964లో రోడ్ల మీద బండి ఆగే సందర్భాలు తక్కువ కాబట్టి ఆ డిజైన్ నడిచింది.

పనిముట్లు: డీసీ ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటరు (డీసీ అని అడిగి మరీ కొనాలి, చవక క్లాంపులు చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి) 2,400. ముల్లు ఉండే పాతకాలపు వోల్ట్ మీటరు 650. మంచి క్రింపింగ్ టూలు 1,100. మామూలు మల్టీమీటరు ఇంట్లో ఉంది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 4,150

దశ 2: ఏ వైరూ ముట్టకముందు

హెడ్‌లైట్ మసక వెలుగుకి డైనమోని తిట్టేముందు బల్బు దాకా ఎన్ని వోల్టులు చేరుతున్నాయో చూడాలి. చేసే పద్ధతి:

1. ఇంజను ఆపి, హై బీమ్ వేయాలి. బల్బు తీయకూడదు. బల్బు తీసి హోల్డర్లో కొలిస్తే కరెంటు ప్రవాహం ఉండదు కాబట్టి మీటరు నిండుగా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది.
2. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య కొలవాలి. నాకు 12.3.
3. వెలుగుతున్న బల్బు రెండు కొసల మధ్య కొలవాలి. నాకు 10.4.
4. పోయిన 1.9 వోల్టులు ఎక్కడ పోయాయో వెతకాలి. ఒక్కో స్విచ్చికీ, ఒక్కో జాయింటుకీ అటు ఒక పిన్ను, ఇటు ఒక పిన్ను పెట్టి చూడాలి.

నా బండిలో ఆ 1.9 ఇలా పంచుకుపోయింది: లైట్ స్విచ్చిలో 0.6, కాలితో నొక్కి హై, లో బీమ్ మార్చే డిప్ స్విచ్చిలో 0.4, ల్యాంపు ఎర్త్ దగ్గర 0.4, గ్రిల్ వెనక బుల్లెట్ కనెక్టర్లలో 0.3, అమ్మీటరు నట్ల దగ్గర 0.2.

ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. అందుకే రెండు వోల్టులు పోతే కంటికి అంత తేడా కనిపిస్తుంది. అప్పటికింకా డైనమో ఊసే ఎత్తలేదు, ఇంజను కూడా స్టార్ట్ చేయలేదు. ఆల్టర్నేటర్ వేసినా ఈ 1.9 అక్కడే కూర్చుంటుంది. ఇంకా చెప్పాలంటే, వోల్టేజీ పెరిగి కరెంటు పెరిగితే ఆ జాయింట్లు ఇంకాస్త వేడెక్కుతాయి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను బ్లాకుకీ బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ మధ్య 0.9 వోల్టు ఉంది. ఇంజను నుంచి బాడీకి వచ్చే అల్లిక పట్టీ సగం తెగి ఉంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి సెల్ఫ్ కరెంటంతా తిరిగి రావడానికి ఆ పట్టీయే దారి. "పొద్దున సెల్ఫ్ తిరగదు" అన్న ఫిర్యాదులో పెద్ద వాటా దీనిదే.

చేసినవి: కొత్త ఎర్త్ పట్టీ, బ్యాటరీ కేబుళ్ళు, లగ్గులు. ల్యాంపుల ఎర్త్ పాయింట్ల దగ్గర పెయింటు గీకి, బిగించి, పైన వ్యాసిలిన్. అమ్మీటరు నట్లు విప్పి శుభ్రం చేయడం. లైట్ స్విచ్చి, డిప్ స్విచ్చి లోపల కాంటాక్టు క్లీనరు.

తర్వాత కొలత: బల్బు దగ్గర 11.4. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ నష్టం 0.15.

ఈ దశ ఖర్చు 1,450. మొత్తం రూ. 5,600

దశ 3: డైనమో, కటౌట్ (ఎక్కువ డబ్బు పోయింది ఇక్కడే)

డైనమోని బండి మీదే పరీక్షించవచ్చు. డీ (కరెంటు బయటికొచ్చేది), ఎఫ్ (ఫీల్డ్ వైండింగ్‌కి వెళ్ళేది) రెండు వైర్లూ తీసేసి, డైనమో మీది ఆ రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరుతో కలపాలి. అక్కడి నుంచి బాడీకి ముల్లు మీటరు పెట్టి ఇంజను వేగం మెల్లగా పెంచాలి. ముల్లు చకచకా ఎక్కాలి. 20 వోల్టులు దాటనివ్వకూడదు, అక్కడికి రాగానే ఇంజను తగ్గించేయాలి. ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ వైండింగ్ (కదలకుండా ఉండి అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) మీద అనుమానం. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగిపోతే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) మీద.

నాది 5 దగ్గర ఆగింది. విప్పి చూస్తే బ్రష్‌లు 6 మిల్లీమీటర్లకి అరిగిపోయాయి, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి సెగ్మెంట్ల చుట్టు) గాడి పడింది, రెండు సెగ్మెంట్ల అంచులు మాడి ఉన్నాయి. ఫీల్డ్ కాయిల్ మాత్రం 5.9 ఓమ్స్, 6 ఉండాలి కాబట్టి బాగున్నట్టే.

ఆర్మేచర్ రీవైండింగుకి ఇచ్చాను. రీవైండింగ్ పెద్దాయన డైనమోని తిప్పి చూసి, "కటౌట్ తేకుండా ఇదొక్కటే తెస్తే ఎట్లా బాబూ? ఇది మాడింది దానివల్లేనేమో" అన్నారు. ఆ మాట ఎంత నిజమో కొద్ది రోజుల్లోనే తెలిసింది.

డైనమో బిగించేటప్పుడు చేసిన పనులు:

1. కమ్యుటేటర్‌ని లేత్ మీద పల్చగా తీయించి, సెగ్మెంట్ల మధ్య మైకాని 0.8 మిల్లీమీటరు లోతుకి గీకడం. హాక్సా బ్లేడు పక్కలు అరగదీస్తే దీనికి సరిగ్గా సరిపోతుంది.
2. వెనక వైపు కొత్త బుష్. ఇది నూనె పీల్చుకునే రకం, బిగించే ముందు ఇంజనాయిల్లో ఒక రోజంతా నానబెట్టాలి. నానబెట్టకుండా కొడితే కొద్ది వేల కిలోమీటర్లకే కీచుమంటుంది.
3. ముందు బేరింగు, కొత్త బ్రష్‌లు.

రీవైండింగ్ 2,800, బ్రష్‌లు 250, బేరింగ్, బుష్ 600, లేత్ పని 300. మొత్తం రూ. 9,550

పాత కటౌట్ డబ్బాలో పాయింట్లు గుంటలు పడి ఉన్నాయి. అందుకని కొత్త డబ్బా కొన్నాను, 1,800. మూత మీద ఏ పేరూ లేదు, లోపల చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంది. మొత్తం రూ. 11,350

గుంటూరు నుంచి తిరిగి వస్తుండగా ఛార్జింగ్ ఆగిపోయింది. ఇంటికొచ్చి ఇంజను ఆపితే అమ్మీటరు మైనస్ 20 చూపిస్తూ అలాగే ఉండిపోయింది. కటౌట్ పాయింట్లు అతుక్కుపోయి, బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతోంది. ఇలా జరిగితే ఆలోచించేదేం లేదు, ముందు బ్యాటరీ కేబుల్ తీసేయాలి. లేకపోతే వైర్లు మాడతాయి.

డైనమో విప్పితే కేసింగ్ లోపల చుట్టూ సోల్డర్ చల్లినట్టు అంటుకుని ఉంది. ఆర్మేచర్ వేడెక్కి, కమ్యుటేటర్ దగ్గరి సోల్డర్ కరిగి విసిరేసింది. కొత్త డబ్బాని తర్వాత విడిగా పరీక్షిస్తే వోల్టేజీ 17.8 దాకా వెళ్ళి ఇంకా ఎక్కుతూనే ఉంది. రెగ్యులేటర్ ఆపాల్సిన చోట ఆపకపోతే డైనమో తన తాహతుకి మించి ఇస్తూ పోతుంది, చివరికి తనే కాలిపోతుంది. దాన్నలా తోసింది డబ్బా, పేరు పోయింది డైనమోకి.

మళ్ళీ సోల్డరింగ్ చేయించినందుకు 700. మొత్తం రూ. 12,050

ఇక పాత డబ్బానే బాగు చేయడం. పాయింట్లని సన్నటి ఆకురాయితో సమంగా తీసి, స్పిరిట్‌తో తుడిచాను. ఎమరీ పేపరు వాడితే దాని రేణువులు కాంటాక్టులో ఇరుక్కుంటాయి. సెట్టింగ్ ఇలా:

1. డబ్బా మీది ఏ (బ్యాటరీ వైపు), ఏ1 (లోడ్ల వైపు) వైర్లు తీసి, రెండింటినీ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాలి. ఇగ్నిషన్‌కి కరెంటు అందాలి కాబట్టి కలపడం తప్పనిసరి.
2. డీ, ఈ (ఎర్త్) టెర్మినళ్ళ మధ్య ముల్లు మీటరు. రెగ్యులేటర్ పాయింట్లు సెకనుకి ఎన్నోసార్లు కొట్టుకుంటాయి, డిజిటల్ మీటరు అంకెలు ఒకచోట నిలవవు. ఆ 650 పెట్టింది ఇందుకే.
3. ఇంజను వేగం మెల్లగా పెంచాలి. ముల్లు ఒకసారి అదిరి నిలబడుతుంది. ఆ నిలబడ్డ అంకె కావాలి. 30 డిగ్రీల వేడిలో అది 15.9 నుంచి 16.5 మధ్య ఉండాలి. 20 డిగ్రీలకైతే 16.0 నుంచి 16.6.
4. తేడా ఉంటే లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పాలి. లోపలికి తిప్పితే పెరుగుతుంది.
5. మొత్తం 30 సెకన్లలో ముగించాలి. ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి అంకె తప్పు చూపుతుంది. చల్లారనిచ్చి మళ్ళీ మొదలెట్టాలి.

ఈ 16 వోల్టులు చూసి కంగారు పడే వాళ్ళుంటారు. ఇది బ్యాటరీ విడదీసినప్పటి అంకె. బ్యాటరీ కలిపాక లోడు వల్ల దిగిపోతుంది. విజయవాడ వేసవిలో ఈ పని మధ్యాహ్నం పెట్టుకోకండి. బానెట్ కింద వేడి ఎంతో తెలియనప్పుడు ఏ అంకెకి సెట్ చేయాలో కూడా తెలియదు.

నా డబ్బా మొదట 14.6 చూపించింది. అంటే చాలాకాలంగా బ్యాటరీ అర్ధాకలితో ఉంది. 16.2కి తెచ్చాను. కటౌట్ మూసుకునేది 12.7 నుంచి 13.3 మధ్య ఉండాలి, నాది 13.0. తెరుచుకునేది 8.5 నుంచి 11 మధ్య, నాది 9.5.

హైవే వేగంలో, లైట్లన్నీ వేసి, క్లాంప్ మీటరుతో డైనమో అవుట్‌పుట్: 20.5 ఆంప్స్. అరవై ఏళ్ళ డిజైన్‌కి ఇంతకంటే ఏం కావాలి.

దశ 4: హెడ్‌లైట్లకి రిలేలు

శుభ్రం చేశాక కూడా లైట్ స్విచ్చిలో 0.4, డిప్ స్విచ్చిలో 0.2 పోతూనే ఉన్నాయి. ఏడున్నర ఆంప్స్ ఆ పాత స్విచ్చిల గుండా పారడమే దీనికి కారణం. రిలే అంటే చిన్న కరెంటుతో పనిచేసి పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. అది పెడితే పాత స్విచ్చి గుండా రిలే కాయిల్‌కి కావాల్సిన చిన్న కరెంటే వెళ్తుంది.

పెట్టుకున్న షరతు ఒక్కటే: పాత హార్నెస్‌లో (వైర్ల కట్టలో) ఒక్క తీగ కూడా తెగకూడదు. హై బీమ్ నీలం-తెలుపు వైరు, లో బీమ్ నీలం-ఎరుపు వైరు గ్రిల్ వెనక బుల్లెట్ కనెక్టర్ల దగ్గరికి వస్తాయి. అక్కడ ఊడదీసి రిలేకి సిగ్నల్‌గా ఇచ్చాను. రిలే నుంచి బల్బుకి కొత్త వైరు. రిలేలు తీసేసి బుల్లెట్లు కలిపితే బండి మళ్ళీ 1964కి వెళ్ళిపోతుంది.

రిలేలకి కరెంటు ఎక్కడి నుంచి తీస్తామన్నది ముఖ్యం. దగ్గరగా ఉందని చాలామంది బ్యాటరీ నుంచి లాగుతారు. ఈ బండిలో అమ్మీటరు బ్యాటరీకీ కటౌట్ డబ్బాకీ మధ్య ఉంటుంది. బ్యాటరీ దగ్గర లోడు తగిలిస్తే, డైనమో నుంచి ల్యాంపులకి పోయే కరెంటు అమ్మీటరు గుండా వెళ్ళి "ఛార్జింగ్ బాగుంది" అని చూపిస్తుంది. రెగ్యులేటర్ కూడా దాన్ని బ్యాటరీ ఛార్జింగే అనుకుంటుంది. అందుకని డబ్బా మీది ఏ1 నుంచి తీయాలి. మిగతా లోడ్లన్నీ అక్కడి నుంచే వెళ్తాయి.

పాజిటివ్ ఎర్త్ బండికి రిలే కొనేటప్పుడు కాయిల్‌కి డయోడ్ ఉన్నది వద్దు, రెసిస్టర్ ఉన్నది తీసుకోండి. డయోడ్ రకాన్ని తిరగేసి కలిపితే అది షార్ట్ అవుతుంది.

ఇక్కడ పాడైంది: గ్రిల్ వెనక బిగించిన రిలేల్లో ఒకటి మొదటి వానకే హై బీమ్‌లో అతుక్కుపోయింది. ఎదురొచ్చే లారీ వాళ్ళు నన్ను ఏమేం అన్నారో ఊహించుకోవచ్చు. విప్పితే లోపల తేమ, కాంటాక్టు వెల్డ్ అయిపోయింది. రెండింటినీ ఇంజను గదిలో డాష్ గోడ మీదకి, కాళ్ళు కిందికి ఉండేలా మార్చాను. కాళ్ళు పైకి ఉంటే సాకెట్లో నీళ్ళు నిలుస్తాయి.

ఈ బండిలో హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. ఒక్కో ఫిలమెంటుకి ఒక్కోటి చొప్పున 7.5 ఆంప్స్ ఫ్యూజులు నాలుగు పెట్టాను. ఒకటి పోయినా రెండో లైటు ఉంటుంది.

పాత గాజు ఫ్యూజుల గురించి ఒక మాట. వాటి మీద 35 ఆంప్స్ అని ఉంటుంది. లూకాస్ లెక్కలో అది ఫ్యూజు పోయే అంకె. నిరంతరంగా మోసేది అందులో సగం, 17 దాకా. ఇది తెలియక 35 ఆంప్స్ నిరంతరంగా మోసే ఈ కాలపు ఫ్యూజు పెడితే, ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది.

కొలత: బల్బు దగ్గర 12.05, బ్యాటరీ దగ్గర 12.3. మొదట్లో ఉన్న 10.4తో పోలిస్తే, అప్పటి వెలుగు ఇప్పటి దాంట్లో దాదాపు 60 శాతం మాత్రమే. బల్బులు అవే 45 వాట్లవి, డైనమో అదే.

60/55 వాట్ల హాలోజన్ వేయమని చాలామంది అన్నారు. వేస్తే హై బీమ్‌లో 2.5 ఆంప్స్ అదనం. డైనమో దగ్గర మిగులు ఉన్నదే కాస్త, దాన్ని ల్యాంపులకి పోయడం నాకు నచ్చలేదు.

రిలేలు, సాకెట్లు 700, ఫ్యూజు హోల్డర్లు 550, వైరు 1,300. మొత్తం రూ. 14,600

దశ 5: నెగటివ్ ఎర్త్‌కి మార్చడం

ఐడ్లింగ్ సమస్య అలాగే ఉంది. లైట్లు, వైపర్ వేసి నిలబడితే మైనస్ 16, బ్రేకు తొక్కితే మైనస్ 19.5. లెక్క వేసినంతా కచ్చితంగా బ్యాటరీ నుంచే పోతోంది. లోడు తగ్గించాలంటే వెనక లైట్లకి ఎల్‌ఈడీ బల్బులు పెట్టాలి. మామూలు ఎల్‌ఈడీ బల్బుకి లోహపు కేసింగ్ నెగటివ్. పాజిటివ్ ఎర్త్ బండిలో అవి వెలగవు.

పాత ఫియట్ ఉన్నవాళ్ళు ఈ దశ దాటేయవచ్చు, అవి ముందు నుంచీ నెగటివ్ ఎర్తే. మిగతావాళ్ళకి:

1. బ్యాటరీని తిప్పి పెట్టాలి. పాజిటివ్ పోస్టు కాస్త లావు, పాత క్లాంపులు పట్టవు. కొత్తవి కొనాలి.
2. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు సన్న వైర్లు అటుదిటు మార్చాలి. మార్చకపోయినా ఇంజను నడుస్తుంది, కానీ ప్లగ్గు దగ్గర స్పార్క్ తలకిందులై బలహీనపడుతుంది.
3. అమ్మీటరు వెనక రెండు వైర్లూ మార్చాలి.
4. రిలేల రెసిస్టర్ రకానికి ఏమీ చేయక్కర్లేదు. ఫీల్డ్ వైండింగ్ ఉన్న వైపర్ మోటారుకీ అక్కర్లేదు. శాశ్వత అయస్కాంతం ఉన్న ఫ్యానో, పాత రేడియోనో ఉంటే చూసుకోవాలి. రేడియో అయితే కాలిపోతుంది.
5. ఇంజను స్టార్ట్ చేయకముందే డైనమోకి కొత్త ధ్రువత్వం పట్టించాలి. డబ్బా దగ్గర ఎఫ్ వైరు ఊడదీసి, దాని కొసని బ్యాటరీ పాజిటివ్‌కి నాలుగైదు సార్లు క్షణంపాటు తాకించాలి. చిన్న నిప్పురవ్వ వస్తుంది, అది మామూలే.

ఐదోది మరిచిపోతే డైనమో పాత దిశలోనే కరెంటు పుట్టిస్తుంది, కటౌట్ మూసుకున్న క్షణంలో బ్యాటరీ, డైనమో ఒకదానికొకటి జత కలిసి పాయింట్లని కాల్చేస్తాయి. ఒక కాగితం మీద పెద్దగా రాసి స్టీరింగ్‌కి కట్టుకుని ఆ తర్వాతే పనిలోకి దిగాను.

ఎల్‌ఈడీలు: ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి. తెల్లది పెడితే గులాబీ రంగులో వెలవెలబోతుంది. ఇండికేటర్లు మార్చలేదు, ఎందుకంటే పాత ఫ్లాషర్ లోపల తీగ వేడెక్కితేనే కొట్టుకుంటుంది, ఎల్‌ఈడీ తీసుకునే కరెంటుకి అది కదలదు. హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ ఆలోచనే పెట్టుకోలేదు, ఫిలమెంటు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అవి ఎదుటివాడి కళ్ళలోకి కొడతాయి.

కొత్త లెక్క: పార్కింగ్, వెనక లైట్లు 2.5 నుంచి 0.4కి. బ్రేకు 3.5 నుంచి 0.5కి. వాన రాత్రి మొత్తం 16 నుంచి 13.9కి, బ్రేకు తొక్కితే 19.5 నుంచి 14.4కి దిగింది. హైవే మీద 20.5 వస్తోంది కాబట్టి బ్యాటరీకి మిగిలేది 6.6.

క్లాంపులు 300, ఎల్‌ఈడీలు 1,200. మొత్తం రూ. 16,100

దశ 6: ఆల్టర్నేటర్ పెట్టి చూడటం

నెగటివ్ ఎర్త్ అయింది కాబట్టి ఆల్టర్నేటర్‌కి అడ్డు లేదు. వేయకుండానే వద్దనడం న్యాయం కాదనిపించింది. పాత మారుతి ఆల్టర్నేటర్ ఒకటి 3,500కి తీసుకున్నాను, ప్లేటు మీద 45 ఆంప్స్. బ్రాకెట్, స్పేసర్ 1,400, బెల్టు 450, వైర్లు, 60 ఆంప్స్ ఫ్యూజు 900. మొత్తం రూ. 22,350

మొదటి బ్రాకెట్‌తో పుల్లీ 3 మిల్లీమీటర్లు పక్కకి పడింది. బెల్టు ఒక అంచు తినేసి నల్లపొడి రాల్చింది. ఈ ఇంజనులో వాటర్ పంపుని తిప్పేదీ ఆ బెల్టే, తెగితే ఛార్జింగ్‌తో పాటు ఇంజను చల్లబడటమూ పోతుంది. లేత్ మీద స్పేసర్ కొత్తగా తీయించాక లైను కుదిరింది. క్రాంక్ పుల్లీకి బారుగా ఒక స్టీలు స్కేలు ఆనించి చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

వైరింగ్: పాత డబ్బా బయటకి మాత్రమే ఉంటుంది, లోపల దాని పని లేదు. ఆల్టర్నేటర్ మేలుకోవడానికి హెచ్చరిక బల్బు గుండా చిన్న కరెంటు అందాలి, 2.2 వాట్ల బల్బు సరిపోయింది. ఆ బల్బు మాడితే ఛార్జింగ్ మొదలవదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయడం డైనమోతో అలవాటైనవాళ్ళు జాగ్రత్త, ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి.

ఫలితం దాచేది లేదు. ఐడ్లింగ్‌లో లైట్లు, వైపర్ అన్నీ వేసినా బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు, ప్లస్ 3 ఆంప్స్. కాస్త వేగం పెంచితే 14.2. బెంజ్ సర్కిల్‌లో ఎంతసేపు నిలబడ్డా టెన్షన్ లేదు.

కానీ అమ్మీటరు స్కేలు 30 దాకానే. బ్యాటరీ కాస్త దిగి ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముల్లు చివరికి కొట్టుకుని అక్కడే ఆగింది. అమ్మీటరుకి వెళ్ళే గోధుమరంగు వైరు 44 పోగులది, సుమారు 3.2 చదరపు మిల్లీమీటర్లు. బయట 41 డిగ్రీలుంటే ఆ వైరు 61 చూపించింది. అరవై ఏళ్ళ ఇన్సులేషన్, డాష్ గోడ రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ గట్టిపడి ఉన్న చోటు. కరెంటు అక్కడి గుండా పోనివ్వడం నాకు సమ్మతం కాదు.

దీనికి మందుంది. ఆల్టర్నేటర్ నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా సెల్ఫ్ సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మోటారుకి బ్యాటరీ కరెంటు కలిపే స్విచ్చికి), మధ్యలో 60 ఆంప్స్ ఫ్యూజు. అలాగే వేశాను, వైరు వేడి తగ్గిపోయింది. కాకపోతే అమ్మీటరు ఇక ఎప్పుడూ మైనస్సే చూపిస్తుంది, ఎందుకంటే లోడు మాత్రమే దాని గుండా వెళ్తుంది. అమ్మీటరు తీసి వోల్ట్ మీటరు పెట్టాలి, అంటే డాష్‌బోర్డు మారాలి. తర్వాత లోడు వైర్లు, తర్వాత ఇగ్నిషన్ స్విచ్చి. ఒకటి మారిస్తే దాని వెనక మూడు క్యూ కడతాయి.

డైనమో ఆకారపు కేసింగ్‌లో ఆల్టర్నేటర్ ఉండేవి బ్రిటన్‌లో అమ్ముతారు. చూపు మారదు, కానీ అమ్మీటరు, వైర్ల తగాదా దానితోనూ ఉంటుంది.

దశ 7: ఏది ఉంచాను

ఆల్టర్నేటర్ తీసేసి డైనమో పెట్టాను. ఈ బండి రోజూ ఆఫీసుకి వెళ్ళదు. సెలవు రోజు బయటికి తీస్తాం, ఊళ్ళో పెళ్ళయితే అడుగుతారు. అరగంట ట్రాఫిక్‌లో లైట్లు వేసుకుని నిలబడితే 7 ఆంపియర్ అవర్లు పోతాయి, గంట హైవే ప్రయాణంలో చాలావరకు తిరిగి వస్తాయి. బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లది, మధ్యలో ఈ కొంచెం అప్పు మోయగలదు. ట్రాఫిక్‌లో ఆగితే హెడ్‌లైట్ తీసి పార్కింగ్ లైట్లు ఉంచుకుంటే అప్పు ఇంకా తక్కువ.

రోజూ నగరంలో నడిపేవాళ్ళైతే నా మాట వినకండి, ఆల్టర్నేటర్ వేసుకోండి. వోల్ట్ మీటరు, లావు వైరు, పెద్ద ఫ్యూజు మూడూ కలిపి వేసుకోండి. కేవలం ఆల్టర్నేటర్ బిగించి పాత వైర్లకి కలిపి పంపే పని మాత్రం ఒప్పుకోకండి. దశ 2 ఎవరికైనా తప్పదు.

రిజిస్ట్రేషన్ సంగతి అడిగేవాళ్ళకి: 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని వాహనాలని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేసేవాటికి 'వీఏ' అక్షరాల నంబరు ఇస్తారు, ముందే రిజిస్టరైనవి పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ళు చెల్లుతుంది. కానీ వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతు వంటి వాటికే. పెళ్ళిళ్ళకి పంపే ఆలోచన ఉంటే అప్లై చేసేముందు ఇది చదువుకోండి. నేను ఇంకా మార్చలేదు.

పనికిరాని కొత్త డబ్బా 1,800, దానివల్ల పడ్డ సోల్డరింగ్ 700, ఆల్టర్నేటర్ ప్రయోగం 6,250 తీసేస్తే, బండిలో నిలిచిన పని ఖర్చు రూ. 13,600. ఆల్టర్నేటర్, బ్రాకెట్, స్పేసర్ ఒక అట్టపెట్టెలో పెట్టి, ఏ వైరు ఎక్కడికో చీటీలు కట్టాను. కావాల్సినవాళ్ళకి స్పేసర్ కొలతలు ఇస్తాను.

చివరి కొలతలు, ఇంజను హైవే వేగంలో, అన్ని లైట్లూ వేసి: బ్యాటరీ 13.8, బల్బు దగ్గర 13.5, డైనమో 20.5 ఆంప్స్. ఇంజను ఆపి, రాత్రంతా ఉంచాక బ్యాటరీ 12.6. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే.

ఇంకా మిగిలింది వైపర్ మోటారు. 3 ఆంప్స్ అని లెక్కలో రాశాను కానీ తడి అద్దం మీద క్లాంప్ మీటరు 4.6 చూపిస్తోంది. గేరు పెట్టెలో గ్రీజు గట్టిపడిందని అనుమానం. వానలు మొదలయ్యేలోపు విప్పాలి.